బాల నేరస్తుడు: ఒక మాట బరువు

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో తెల్లవారుజామున దిగిన ప్రయాణికుల్లో పదహారేళ్ల కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. భుజాన కాలేజీ బ్యాగు, చేతిలో చక్రాల పెట్టె, కళ్లనిండా నిద్ర. తనిఖీలో ఆ పెట్టె తెరిస్తే బట్టల కింద గోధుమరంగు టేపు చుట్టిన గంజాయి పొట్లాలు బయటపడతాయి. మర్నాటికల్లా ఆ ఒక్క కుర్రాడికి నాలుగు పేర్లు పడతాయి. స్టేషన్లో అతడు ‘మైనర్’. పత్రిక జిల్లా పేజీలో ‘బాల నేరస్తుడు’. పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు కాగితాల్లో ‘చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలుడు’. సొంత ఊరి రచ్చబండ దగ్గర ‘ఆ గుంటడు చెడిపోనాడు’. నాలుగూ ఒకే మనిషిని గురించినవే అయినా ఒకే సంగతిని చెప్పవు. మొదటిది వయసును చెబుతుంది, రెండోది తీర్పు ఇచ్చేస్తుంది, మూడోది కేసు ఏ దశలో ఉందో చెబుతుంది, నాలుగోది నడతను తూకం వేస్తుంది. ‘జువెనైల్ డెలింక్వెన్సీ’ అనే మాటకు తెలుగులో స్థిరపడిన ‘బాల నేరం’, ‘బాల నేరస్తుడు’ అనే అనువాదాల్లో ఈ నాలుగు అర్థాలూ కలిసిపోయి చిక్కుపడ్డాయి. ఆ చిక్కు విప్పి చూస్తే తప్ప ఆ మాటను ఎక్కడ వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో తేలదు.

‘డెలింక్వెంట్’ అనే మాటకు మూలమైన లాటిన్ క్రియకు చేయవలసినదాన్ని వదిలేయడం, తప్పిపోవడం అని అర్థం. బ్యాంకుల్లో ఆ అర్థం ఇప్పటికీ బతికే ఉంది. వాయిదాలు కట్టకుండా వదిలేసిన అప్పును అక్కడ ఈ మాటతోనే పిలుస్తారు. అందులో దుర్మార్గం కన్నా లోపం పాలు ఎక్కువ. తెలుగులో ‘నేరం’ అనగానే ఇవాళ పోలీసు స్టేషనే గుర్తొస్తుంది గాని, పాత వాడుకలో దాని పక్కనే ‘నేరమి’, ‘నేరక’ అనే మాటలు ఉన్నాయి. చేతకాకపోవడం, తెలియకపోవడం వాటి అర్థాలు. ‘నేరకపోయి చేశాను, ఈసారికి వదిలేయండి’ అనే వేడుకోలులో తప్పు ఒప్పుకోవడం ఎంత ఉందో తెలియనితనం చెప్పుకోవడమూ అంతే ఉంది. ‘తెలిసీ తెలియని వయసు’ అనే నానుడి చేసే పనీ అదే. ఇంగ్లిషు మాటలోని మెత్తదనాన్ని పట్టుకోగల సరంజామా తెలుగులో లేకపోలేదు. అనువాదం చేసినప్పుడు దాన్ని పక్కనపెట్టి, కోర్టు వాడే ‘నేరస్తుడు’ అనే మాటకు ముందు ‘బాల’ తగిలించి ఊరుకున్నారు.

వాడుకలో పిల్లల నడతకు ఒక నిచ్చెన ఉంది. అల్లరి, తుంటరితనం, దుడుకుతనం, ఆగడం, తప్పు, ఆ పైన నేరం. ఉద్దానంలో పక్కవాడి తోటలో రెండు కొబ్బరి బొండాలు దించుకుని తాగిన పిల్లవాడు అల్లరివాడు. అదే పిల్లవాడు పదిసార్లు దించితే ఆగడం చేస్తున్నాడంటారు. బస్తాకెత్తి అమ్ముకుంటే అది దొంగతనం. పని ఒకటే అయినా మోతాదునుబట్టి, వయసునుబట్టి, పోయిన వస్తువు విలువనుబట్టి మాట మారుతుంది. పల్లెల్లో ‘తప్పు’ అనే మాటకు మరో అర్థం కూడా ఉంది. పెద్దలు విధించే జరిమానాను కూడా తప్పు అనే అంటారు. ‘తప్పు వేశారు’, ‘తప్పు కట్టాడు’ అనేవి వినబడే మాటలే. చేసిన పనికీ దాని పరిహారానికీ ఒకే మాట ఉండటంలో ఒక సౌలభ్యం ఉంది: కట్టేస్తే తీరిపోతుంది, మనిషి మీద మిగలదు. పెద్దల తీర్పులన్నీ న్యాయమైనవని దీని అర్థం కాదు. బలహీనుల ఇంటి పిల్లవాడికి ఎక్కువ తప్పు పడటం, ఆడపిల్లకు జరిగిన అన్యాయాన్ని డబ్బుతో మూసేయడం కూడా ఆ పద్ధతిలోనే జరిగాయి. మాట వరకు చూస్తే మాత్రం తప్పు చేసినవాడు ఉంటాడు గాని ‘తప్పుస్తుడు’ అనే మనిషి ఉండడు. నేరానికి నేరస్తుడు ఉన్నాడు.

వయసును లెక్కలోకి తీసుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. చిన్నప్పుడు తూనీగలను ముళ్లకు గుచ్చి ఆడుకున్న పాపానికి పెద్దయ్యాక కొరత (శూలం) మీదికెక్కవలసి వచ్చిన మాండవ్య ముని, తెలియని వయసు పనికి ఇంత శిక్షా అని యముణ్ణి నిలదీసి శపించి, పద్నాలుగేళ్లు నిండేదాకా చేసినదేదీ పాపం కాకూడదని మర్యాద ఏర్పరచిన కథ తెలుగువారికి తెలిసిందే. ఆ శాపం వల్లనే విదురుడి పుట్టుక. అర్థశాస్త్రం మగపిల్లవాడికి పదహారేళ్లు, ఆడపిల్లకు పన్నెండేళ్లు నిండితే వ్యవహార యోగ్యత వచ్చినట్టు చెబుతుంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు చేసినదేదీ నేరం కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు వారి విషయంలో, చేసిన పని ఎటువంటిదో, దానివల్ల ఏమవుతుందో గ్రహించే పరిణతి లేదని తేలితే అదీ నేరం కాదు. ఇదే ఏర్పాటు 1860 నాటి శిక్షాస్మృతిలో ఉంది, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త సంహితలోనూ ఉంది. కాబట్టి ఆరేళ్ల పిల్లవాణ్ణి, వాడు ఏం చేసినా సరే, బాల నేరస్తుడు అనడం చట్టం ప్రకారం అర్థం లేని మాట.

‘జువెనైల్ డెలింక్వెన్సీ’ అనే జంటమాట వ్యాప్తిలోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దపు మహానగరాల్లో. లండన్‌లో బాల నేరాలు భయంకరంగా పెరిగిపోతున్నాయంటూ వాటి కారణాలను వెతికిన ఒక సంఘం 1816లో నివేదిక ఇచ్చింది. న్యూయార్క్‌లో 1824లో ఇటువంటి పిల్లలను సంస్కరించడానికి ఒక సంఘం వెలిసి, మరుసటి ఏడాది వారికోసం ఒక ఆశ్రయ గృహం తెరిచింది. 1899లో ఇల్లినాయ్ రాష్ట్రం షికాగోలో ప్రత్యేకంగా పిల్లల కోర్టును నెలకొల్పింది. ఉద్దేశం మంచిదే: పిల్లలు పెద్దల జైళ్లలో పెద్ద దొంగల పక్కన పడుకోకూడదు. అయితే ‘నేరం’ అనకుండా ‘డెలింక్వెన్సీ’ అనడంవల్ల ఒక దారి తెరుచుకుంది. నేరానికి హద్దులు చట్టంలో రాసి ఉంటాయి. ఈ మెత్తని మాటకు హద్దులు లేవు. బడి ఎగ్గొట్టడం, చెప్పకుండా ఇల్లు విడిచిపోవడం, పెద్దల మాట వినకపోవడం, చెడు సావాసం, ఇవన్నీ క్రమంగా అమెరికా రాష్ట్రాల చట్టాల్లో ఆ మాట కిందికి వచ్చి చేరాయి. పెద్దవాడు చేస్తే పట్టించుకోని పని, చేసినవాడు పిల్లవాడు కావడంవల్లనే తప్పయింది.

ఆ మెత్తదనం ఖరీదు ఎంతో 1967లో తేలింది. అరిజోనా రాష్ట్రంలో జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ల కుర్రాడు పక్కింటావిడకు ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడన్న ఆరోపణ మీద, లాయరు లేకుండా, ఫిర్యాది కోర్టుకే రాకుండా, అతణ్ణి ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా సంస్కరణ పాఠశాలలో ఉంచమని ఆదేశించారు. అదే పని పెద్దవాడు చేసి ఉంటే యాభై డాలర్ల లోపు జరిమానా, లేదా రెండు నెలలకు మించని జైలు. పిల్లవాడి మేలు కోరే కోర్టు కాబట్టి రక్షణలు అక్కర్లేదన్న వాదనను అమెరికా సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మాట దయగా ఉన్నంత మాత్రాన తలుపు తెరిచి ఉన్నట్టు కాదు.

భారతదేశంలో కథ వేరుగా నడిచింది. 1897 నాటి రిఫర్మేటరీ స్కూళ్ల చట్టం, శిక్షపడిన పదిహేనేళ్లలోపు మగపిల్లలను జైలుకు బదులు సంస్కరణ పాఠశాలకు పంపే వీలు కల్పించింది. 1919–20 నాటి జైళ్ల కమిటీ పిల్లలకు వేరే విచారణ, వేరే వసతి ఉండాలని చెప్పింది. ఆ 1920లోనే మద్రాసు రాష్ట్రం పిల్లల చట్టం తెచ్చింది, ఆ తర్వాత 1922లో బెంగాల్, 1924లో బొంబాయి తెచ్చాయి. అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు లేవు (ఒకటి 1950లో, మరొకటి 1979లో ఏర్పడ్డాయి). ఈ ప్రాంతమంతా విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో భాగంగా మద్రాసు పాలనలో ఉండేది గనుక దేశంలో ఆ తరహా చట్టం మొట్టమొదట వర్తించిన నేలల్లో ఇదీ ఒకటి. ‘డెలింక్వెంట్’ అనే మాట కేంద్ర చట్టంలోకి 1960లో, కేంద్రపాలిత ప్రాంతాల పిల్లల చట్టం ద్వారా వచ్చింది. 1986 జువెనైల్ జస్టిస్ చట్టం దాన్ని జమ్మూ కశ్మీర్ మినహా దేశమంతటికీ తెచ్చింది. ఆ చట్టంలో పిల్లలు రెండు రకాలు: ఆలనాపాలనా లేనివారు, డెలింక్వెంట్లు. రెండో మాటకు అక్కడిచ్చిన నిర్వచనం గమనించదగ్గది: నేరం చేసినట్టు ‘తేలిన’ బాలుడు లేదా బాలిక. అంటే విచారణ ముగిశాకే ఆ మాట వర్తించాలి. ఆచరణలో పట్టుబడిన మొదటి గంట నుంచే వర్తించింది. మగపిల్లలకు పదహారు, ఆడపిల్లలకు పద్దెనిమిది అప్పటి వయోపరిమితులు.

2000 నాటి చట్టం ఆ మాటను తీసేసింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 1992లో భారత్ చేరడం దీనికి నేపథ్యం. మగ, ఆడ తేడా లేకుండా పద్దెనిమిదేళ్లలోపు వారందరూ బాలలే అయ్యారు. ‘చట్టంతో సంఘర్షణలో ఉన్న’ అనే కొత్త పదబంధం వచ్చింది. 2015 చట్టం, అంటే 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్నది, ఆ పదబంధాన్నే కొనసాగిస్తూ దానికి అర్థం ఇలా చెప్పింది: నేరం చేసినట్టు ఆరోపణ ఎదుర్కొంటున్న, లేదా చేసినట్టు తేలిన, ఆ పని జరిగిన రోజుకు పద్దెనిమిదేళ్లు నిండని బాలుడు లేదా బాలిక. ఆరోపణ, నిర్ధారణ రెండూ ఒకే గొడుగు కింద ఉన్నాయి. అందుకే ఈ పదబంధాన్ని ‘బాల నేరస్తుడు’ అని తెలిగించడం శైలికి సంబంధించిన చిన్న విషయం కాదు, అర్థంలో పొరపాటు. పెద్దవాడి విషయంలో నిందితుడు, దోషి అని రెండు మాటలు జాగ్రత్తగా వాడే పత్రికలే, చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చిన పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి నేరుగా నేరస్తుడనేస్తాయి. ‘చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలుడు’ నోరు తిరగని మాట, ఒప్పుకోవలసిందే. ఎవరూ ఇంట్లో అలా మాట్లాడరు. కోర్టు వరండాలో తల్లిదండ్రులు కూడా ‘జువెనైల్ కేసు’, ‘జేజే బోర్డు’, ‘హోముకి పంపినారు’ అనే అంటారు. నోరు తిరిగే మాట కావాలంటే ‘కేసులో ఉన్న బాలుడు’ సరిపోతుంది. అది ఏ తీర్పూ ఇవ్వదు.

2015 చట్టం పుట్టుకలోనే ఒక వైచిత్రి ఉంది. 2012 డిసెంబరు ఢిల్లీ అత్యాచారం కేసులో నిందితుల్లో ఒకడికి పద్దెనిమిదేళ్లు నిండకపోవడం, మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచడంతో అతడి శిక్ష ముగియడం దేశాన్ని కుదిపేశాయి. ఆ కోపంలోంచి వచ్చిన చట్టం, ఒకవంక నింద ధ్వనించే మాటలేవీ బాలల విషయంలో వాడరాదని మూడో సెక్షన్లోనే ఒక సూత్రంగా రాసుకుని, శీర్షికలో తప్ప చాలాచోట్ల ‘జువెనైల్’ బదులు ‘చైల్డ్’ అనే మాటను వాడింది. మరోవంక పదహారేళ్లు నిండినవారిపై ఘోర నేరాల ఆరోపణ ఉంటే, ప్రాథమిక అంచనా తర్వాత పెద్దవాడిలా విచారించే దారినీ తెరిచింది. మాట మెత్తబడిన చోటే చెయ్యి గట్టిపడింది.

విజయనగరం కాంప్లెక్సులో దిగిన కుర్రాడి దగ్గరికి తిరిగి వస్తే ఇది ఎలా పనిచేస్తుందో కనబడుతుంది. బాలల చట్టం నేరాలను చిన్నవి, తీవ్రమైనవి, ఘోరమైనవి అని మూడుగా విడదీస్తుంది. కొలత ఆ నేరానికి ఇతర చట్టాల్లో ఉన్న శిక్ష. మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి శిక్ష బరువునుబట్టి ఉంటుంది. కిలో వరకు ఏడాది లోపు శిక్ష, కాబట్టి చిన్న నేరం. కిలో దాటి ఇరవై కిలోల వరకు పదేళ్ల దాకా శిక్ష ఉన్నా కనీస శిక్ష లేదు, కాబట్టి తీవ్ర నేరం. ఇలా గరిష్ఠం ఎక్కువగా ఉండి కనీసం లేని నేరాలు ఏ తరగతిలోకి వస్తాయో చట్టం మొదట చెప్పలేదు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు వాటిని తీవ్ర నేరాలుగా చూడాలని చెప్పాక, 2021 సవరణ ఆ లోటు పూడ్చింది. ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్లు, కాబట్టి ఘోర నేరం. పొట్లాలు రెండేసి కిలోలవి అనుకుంటే, పది పొట్లాలున్న పెట్టెకూ పదకొండు పొట్లాలున్న పెట్టెకూ మధ్య ఆ పిల్లవాడి జీవితంలో ఉన్న తేడా ఇదీ: మొదటిదాంట్లో బోర్డు విచారణ, గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహం, రెండోదాంట్లో బాలల న్యాయస్థానం, పెద్దవాడిలా విచారణ జరిగే అవకాశం. ఆ పెట్టె సర్దింది అతడు కాదు, తూచింది అంతకన్నా కాదు.

బరువు ఒక్కటే కాదు, తేదీ కూడా. పని జరిగిన నాటికి పదహారు నిండిందా లేదా అనేదానిమీద ఈ రెండో దారి ఆధారపడి ఉంది. వయసు తేల్చడానికి చట్టం చెప్పిన వరస స్పష్టంగా ఉంది: ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే మునిసిపాలిటీయో పంచాయతీయో ఇచ్చిన జనన పత్రం, అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. బడి రిజిస్టరుకు ఇంత విలువ ఇచ్చినవారు పల్లెటూళ్ల బడుల్లో పేర్లు ఎలా రాస్తారో చూసి ఉండరు. ఒకప్పుడు ఒకటో తరగతిలో చేర్చే రోజున తల్లి ఏదో ఒక గాలివాననో పండగనో గుర్తుచేసుకుంటుంటే, మాస్టారు ఐదేళ్లు వెనక్కి లెక్కవేసి ఒక జూన్ తేదీ రాసేసేవారు. ఆ చేతిరాతే పదేళ్ల తర్వాత బోర్డు ముందు అన్నిటికన్నా ముందు చూసే సాక్ష్యం.

అదే కుర్రాడిని అదే చట్టం మరో వైపు నుంచి కూడా చూస్తుంది. మాదకద్రవ్యాల మోతకు బాలుణ్ణి వాడుకున్నవాడికి డెబ్బై ఎనిమిదో సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది. మత్తుమందుల వాడకంలోకో రవాణాలోకో లాగబడే ప్రమాదమున్న పిల్లలను ‘రక్షణ, సంరక్షణ అవసరమైన బాలలు’గా నిర్వచించింది కూడా ఈ చట్టమే. ఏజెన్సీ నుంచి మైదానానికి వచ్చే దారి ఈ జిల్లాల గుండా పోతుంది కాబట్టి మోతకు మనుషులు కావాలి. ఖాకీకళ్లకు అనుమానం రాని ముఖం, పట్టుబడినా పెద్ద శిక్ష పడదన్న లెక్క, రెండు రోజుల ప్రయాణానికి ఒక కొత్త ఫోన్ ఖరీదు చూపిస్తే ఒప్పుకునే వయసు, ఇవి చూసే పదహారేళ్లవాణ్ణి ఎంచుకుంటారు. ఇంతకీ ఆ పెట్టె మోసినవాడు నేరం చేసినవాడా, నేరానికి గురైనవాడా? రెండూనని చట్టం చెబుతుంది. ‘బాల నేరస్తుడు’ అనే మాటకు ఒకటే తెలుసు.

మాటను చట్టం వదిలేసినా సామాజిక శాస్త్రం వదలలేదు, వదలనవసరమూ లేదు. అక్కడ ‘డెలింక్వెన్సీ’ అనేది ఒక మనిషి పేరు కాదు. జ్వరాల తీవ్రతలా ఒక ప్రాంతంలో, ఒక కాలంలో కొలిచే విషయం. షికాగోలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే పరిశోధకులు దశాబ్దాల కోర్టు రికార్డులను పటం మీద గుర్తించి, కొన్ని పేటల్లో వలస జాతులు ఒకటి పోయి మరొకటి వచ్చినా బాల నేరాల రేటు మాత్రం అలాగే నిలిచిందని 1942లో చూపించారు. పిల్లల రక్తంలో కాదు, పేట పరిస్థితుల్లో కారణం వెతకాలన్నది అందులోని సారం. ఈ దేశంలో ఆ కాలానికి సరిగ్గా తిరగబడిన ఆలోచన రాజ్యమేలుతోంది: 1871లో తెచ్చి, తర్వాత మద్రాసుకూ విస్తరించిన నేరస్థ తెగల చట్టం, పుట్టుకతోనే కొన్ని కులాల పిల్లలకు నేరం అంటగట్టింది. దాన్ని రద్దుచేసింది 1952లో.

ఉత్తరాంధ్రలో పరిస్థితులు వెతకాలంటే మొదట కనిపించేది వలస. మత్స్యకార గ్రామాల మగవారు ఏడాదిలో చాలా నెలలు గుజరాత్‌లోని వేరావల్ బోట్లమీద ఉంటారు. మెట్ట పల్లెల నుంచి భార్యాభర్తలిద్దరూ చెన్నైకో హైదరాబాద్‌కో భవన నిర్మాణ పనులకు పోతారు. పిల్లలు మామ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో మిగులుతారు. ముసలామె అన్నం పెట్టగలదు గాని, తొమ్మిదో తరగతిలో బడి మానేసి రాత్రి పదింటికి బైకుల మీద తిరిగే మనవణ్ణి ఇంట్లో కూర్చోబెట్టలేదు. దీన్నిబట్టి వలసపోయినవారి పిల్లలు చెడిపోతారని సూత్రం కట్టడం అన్యాయం. అలా పెరిగిన లక్షల మందిలో అత్యధికులు ఏ స్టేషన్ గడపా తొక్కరు. కౌమారంలో దుడుకు పనులు చేసినవారిలో చాలామంది ఇరవైలు దాటేసరికి వాటిని తమంతట తామే మానేస్తారన్నది ఎన్నో దేశాల్లో కనబడిన ధోరణి. పెళ్లయితే, ఉద్యోగమొస్తే వాడే దారికొస్తాడని ఊళ్లో పెద్దలు అనేదీ ఇదే. 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన రియాద్ మార్గదర్శకాలు ఈ సంగతినే చెప్పి, ఒక పిల్లవాణ్ణి ‘డెలింక్వెంట్’ అని ముద్రవేయడమే తరచు అతణ్ణి ఆ దారిలో స్థిరపరుస్తుందని హెచ్చరించాయి. ఆ పత్రం పేరులో మాత్రం ‘జువెనైల్ డెలింక్వెన్సీ నివారణ’ అనే ఉంది. సమస్యకు పేరుగా ఆ మాట పనికివస్తుంది, పిల్లవాడికి పేరుగా పనికిరాదన్న తేడా ఆ పత్రంలో తెలిసి పెట్టినదో తెలియక పడినదో గాని, వాడుకకు మాత్రం సరైన కొలబద్ద.

అంకెల దగ్గరా ఈ తేడా అవసరమే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో దేశం మొత్తమ్మీద బాలలు నేరం చేశారన్న ఆరోపణతో నమోదైన కేసులు 30,555. పట్టుబడినవారిలో నూటికి 78 మందికి పైగా పదహారు, పద్దెనిమిది ఏళ్ల మధ్యవారు. ఇవి పట్టుబడినవారి లెక్కలు, దోషులుగా తేలినవారివి కావు. ఒక జిల్లాలో తనిఖీలు పెరిగితే అంకె పెరుగుతుంది. ఊరి పెద్దలు తప్పు వేసి సర్దుబాటు చేసిన గొడవలు ఏ అంకెలోకీ రావు. 2016 మాదిరి నిబంధనల ప్రకారం ఘోర నేరమైతేనో, పెద్దలతో కలిసి చేశాడన్న ఆరోపణ ఉంటేనో తప్ప బాలుడి మీద ఎఫ్ఐఆర్ నమోదు చేయరు. జనరల్ డైరీలో రాసి, సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకు పంపుతారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జనంలో ఫోన్ కొట్టేసిన పద్నాలుగేళ్లవాడి మీద ‘కేసు పెట్టి అరెస్టు చేశారు’ అని రాస్తే ఆ వాక్యంలో రెండు తప్పులుంటాయి. బాలుడిని అదుపులోకి తీసుకుంటారు. లాకప్పులో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, ప్రయాణ సమయం పోను ఇరవై నాలుగు గంటల్లోగా బోర్డు ముందు ఉంచాలి. బోర్డు అంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో కనీసం ఒక మహిళ. చిన్న నేరాల విచారణ గడువు నాలుగు నెలలు, పొడిగింపు రెండు నెలలు. అప్పటికీ తేలకపోతే ఆ వ్యవహారం అక్కడితో ముగిసిపోతుంది.

పిల్లవాడి పేరు రాయకూడదన్న సంగతి పత్రికలకు తెలుసు, పాటిస్తాయి కూడా. 2015 చట్టంలోని డెబ్బై నాలుగో సెక్షన్ కోరేది అంతకన్నా ఎక్కువ: పేరు, చిరునామా, బడి, ఇంకా అతడు ఎవరో పోల్చుకోవడానికి వీలిచ్చే వివరం ఏదైనా సరే బయటపెట్టకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మహానగరంలో ‘ఒక మైనర్’ అంటే ఎవరికీ తెలియదు. నాలుగు వందల గడపలున్న తీరగ్రామం పేరు రాసి, ‘తండ్రి వేరావల్‌లో బోటు మీద పనిచేస్తుండగా అమ్మమ్మ వద్ద ఉంటూ తొమ్మిదో తరగతి మధ్యలో మానేసిన బాల నేరస్తుడు’ అని రాస్తే, పేరు ఒక్కటే తక్కువ.

ఆ వాక్యం ఎంతకాలం వెంటాడుతుందన్నది ఈ జిల్లాల్లో ఆర్మీ ఎంపికల వేళ తెలుస్తుంది. తెల్లవారకముందే రోడ్లమీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు ఏ మండలంలోనైనా కనిపిస్తారు. పదిహేడున్నర ఏళ్లకే అర్హత మొదలవుతుంది. పరుగు, పరీక్ష, వైద్యం దాటాక మిగిలేది పోలీసు విచారణ. బాల్యంలో బోర్డు ముందుకెళ్లిన కేసు దేనికీ అనర్హత కాకూడదని, పెద్దవాడిలా విచారించి దోషిగా తేల్చిన పదహారేళ్లు పైబడినవారి సంగతి తప్ప మిగిలినవారి రికార్డులను అప్పీలు గడువు తీరాక నాశనం చేయాలని అదే చట్టంలోని ఇరవై నాలుగో సెక్షన్ చెబుతుంది. ఆ ప్రకారం స్టేషన్లో కాగితం ఉండదు, విచారణకు వచ్చిన కానిస్టేబుల్ తన ఫారంలో ‘ఏమీ లేదు’ అనే రాయవలసి ఉంటుంది. అతడు అలవాటు ప్రకారం ఎదురింటి అరుగు మీద కూర్చున్నవారిని కూడా ఒక మాట అడుగుతాడు. అక్కడి నుంచి వచ్చే జవాబు మూడేళ్ల కిందటి జిల్లా పేజీలోది.